చిన్న మెదడుకు స్ట్రోక్ వస్తే నడక ఒక్కటే పోతదా, లెక్కలు గూడ పోతయా?

మూసారాంబాగ్_పోరడు

అందరికి నమస్తే. లాంగ్ పోస్ట్, జర ఓపికతోటి చదవుండ్రి.

మా బాపుకు 61 ఏండ్లు. మూసారాంబాగ్‌ల చిన్న కిరాణం షాపు, 34 ఏండ్ల సంది ఆయనే నడుపుతుండు. క్యాలిక్యులేటర్ ముట్టుడంటే నామోషీ ఆయనకు. పది పన్నెండు సామాన్లు కట్టుకుంటనే నోటితోటి లెక్క చేసి, ఆఖరి పొట్లం మీద దారం తెంపే టైంకు టోటల్ చెప్పేటోడు. మేం చిన్నప్పుడు వెనక కూసోని క్యాలిక్యులేటర్‌తోటి చెక్ చేసేటోళ్లం, ఎన్నడు తప్పు దొరకలే.

పోయిన దసరా అయిన వారానికి పొద్దుగాల లేవంగనే తల గిర్రున తిరుగుతుందన్నడు, ఒకటే వాంతులు, బాత్‌రూంకు పోదామని లేస్తే కుడి దిక్కు ఒరిగిపోతుండు. మేమేమో రాత్రి తిన్న బగారన్నం పడలేదనుకున్నం. దగ్గర్ల ఒక క్లినిక్‌కు తీస్కపోతే చేతులు లేపమన్నరు లేపిండు, నవ్వమన్నరు నవ్విండు, మూతి వంకర పోలే, మాట మంచిగనే ఉంది, ఇగ ఇది స్ట్రోక్ గాదు చెవి ప్రాబ్లం అని ఇంజక్షన్ ఇచ్చి గోలీలు రాసి పంపిన్రు. తెల్లారి గూడ నిలవడ రాలే. అప్పుడు పెద్ద దవాఖానకు పోతే ఎంఆర్ఐ తీసి చిన్న మెదడుల కుడి పక్క రక్తం అందక దెబ్బతిన్నదన్నరు, రిపోర్ట్‌ల పైకా టెరిటరీ ఇన్‌ఫార్క్ట్ అని రాసుంది. 11 రోజులు అడ్మిట్. తర్వాత ఫిజియోథెరపీ. సంక్రాంతి వరకు నడక మొత్తం సెట్ అయింది, డాబా మెట్లు గూడ ఎక్కి దిగుతుండు. డిశ్చార్జ్ అప్పుడు చెప్పింది ఏందంటే చిన్న మెదడు అంటే బ్యాలెన్స్ భాగం, ఆలోచన భాగానికి ఏం గాలే, టెన్షన్ లేదు అని.

షాపు తెరిచినంక అసలు కథ మొదలైంది. కందిపప్పు, చింతపండు, రెండు సబ్బులు, నూనె పాకెట్ అని జోడించుకుంట పోతుంటడు, మధ్యల పక్కోడు "సేఠ్, శక్కర్ ఎట్లిస్తున్నవ్" అన్నడనుకో, శక్కర్ ధర చెప్తడు, మళ్ల మొదటి గిరాకి దిక్కు తిరిగి ఉత్తగ చూస్తడు. ఎక్కడున్నడో దొరకది. మళ్ల మొదటి సంది. రెండోసారి గూడ ఎవరన్న అడిగితే చేతులున్న పొట్లం కౌంటర్ మీద విసిరి కొడ్తుండు. ఎన్నడు కోపం చేయని మనిషి. నూనె ఏజెన్సీ పిలగానికి ఒక్క వారంల రెండుసార్లు పైసలు ఇచ్చిండు, వాడు మంచోడు గాబట్టి వాపస్ తెచ్చిచ్చిండు. ఉద్దెర బుక్కుల కొందరి పేరు కింద రాసుడే మర్చిపోతుండు. మాటలల్ల గూడ, ఎదురుగ ఉన్న డబ్బా చూపెట్టుకుంట "అదే... అది... పప్పుల ఏసేది" అంటడు, పసుపు అని నోటికి రాదు, రెండు నిమిషాలైనంక ఆయనకే వస్తది.

ఇంకో ముచ్చట చెప్పాల్నా వద్దా అనుకున్న. మా పెద్దమ్మ పదకొండో రోజు అందరు కూసున్న కాడ ఎవరో ఏదో అంటే బాపు గట్టిగ నవ్విండు. ఆపలే. అందరు మా దిక్కు చూసిన్రు.

మా అన్న అంటడు బాపు యాక్టింగ్ చేస్తుండు, షాపుల కూసునుడు ఇష్టం లేక అని. ఇంట్ల రోజు లొల్లి. అమ్మ దిష్టి తీస్తుంది. నాకు ఒక్కటే డౌట్, బ్యాలెన్స్ భాగానికి దెబ్బ తగిలితే లెక్క ఎట్ల పోతది? ఇది అదేనా, వేరేదా, వయసా? ఎవరన్న తెలిసినోళ్లు చెప్పుండ్రి.

అమీర్‌పేట్_అంకుల్

తమ్మీ, 60 దాటినంక అందరికి మరుపొస్తది, దానికి మెదడు చిన్నదా పెద్దదా అని లేదు. మా బావమరిదికి గూడ గట్లనే ఉండె. సరస్వతి ఆకు పొడి పొద్దుగాల పాలల్ల ఏసి తాగిపియ్. పొద్దున నడిపియ్. సోంచాయించుడు బంద్ చెయ్యమను.

మూసారాంబాగ్_పోరడు

అంకుల్ థ్యాంక్స్, గానీ మరుపు గాదు ఇది. 2009ల ఎవరు ఎంత ఉద్దెర పెట్టి ఇల్లు ఖాళీ చేసి పోయిన్రో గల్లీ నంబర్‌తోటి సహా చెప్తుండు. గుర్తుంటుంది, గానీ అప్పటికప్పుడు రెండు పనులు పట్టుకోలేకపోతుండు. ఫరక్ ఎట్ల చెప్పాల్నో నాకు తెలుస్తలేదు.

నైట్‌డ్యూటీ_డాక్టర్

న్యూరాలజీ రెసిడెంట్‌ని, ఏ హాస్పిటల్ అని అడగొద్దు. డ్యూటీ మధ్యలో టైప్ చేస్తున్నా, ముక్కలు ముక్కలుగా వస్తది, అడ్జస్ట్ అవండి. మీ నాన్నగారిని చూడకుండా ఇది ఫలానాది అని చెప్పను, చెప్పకూడదు కూడా. కానీ మీరు రాసిన దాంట్లో ఒక్కటి కూడా నాకు వింతగా అనిపించలేదు, ఆ నవ్వు ముచ్చటతో సహా. పైన అంకుల్‌కి మీరిచ్చిన జవాబులో ఫరక్ చెప్పనే చెప్పారు, అంతకన్నా బాగా మా కేస్ షీట్‌లో కూడా ఎవరూ రాయరు.

తప్పంతా మన టెన్త్ బయాలజీది అని నా ఫీలింగ్. అనుమస్తిష్కం (అంటే ఈ చిన్న మెదడే) పని ఏమిటి అంటే శరీర సమతాస్థితి అని రాస్తే మార్కు పడేది, అక్కడితో ఆగిపోయాం. అసలు డాక్టర్లు కూడా చాలా ఏళ్లు అక్కడే ఆగిపోయారు. మొదటి ప్రపంచ యుద్ధంలో తల వెనక బుల్లెట్ దెబ్బలు తిన్న సైనికులను గోర్డన్ హోమ్స్ అనే బ్రిటిష్ న్యూరాలజిస్ట్ పరీక్ష చేసి 1917లో రాశాడు, నడక తూలడం, చెయ్యి గురి తప్పడం, మాట సాగదీయడం, అన్నీ వివరంగా. ఎంత బాగా రాశాడంటే ఆ తర్వాత చిన్న మెదడు అంటే అదే, ఇంకేం వెతకాల్సిన పని లేదు అన్నట్టు అయిపోయింది. 1998లో బోస్టన్‌లో జెరెమీ ష్మామన్, జానెట్ షెర్మన్ అనే ఇద్దరు చిన్న మెదడు మాత్రమే దెబ్బతిన్న 20 మంది పేషెంట్ల ఆలోచన తీరు కూర్చోబెట్టి పరీక్ష చేశారు. ప్లాన్ చేసుకోవడం, ఒక పని నుంచి ఇంకో పనికి మారి మళ్లీ వెనక్కి రావడం, మాట దొరకడం, బొమ్మ లేదా దారి మనసులో పట్టుకోవడం, ఎమోషన్ కంట్రోల్, ఇవన్నీ వాళ్లలో దెబ్బతిన్నాయి. దానికి సెరిబెల్లార్ కాగ్నిటివ్ అఫెక్టివ్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు, ఇప్పుడు ష్మామన్ సిండ్రోమ్ అని కూడా అంటున్నారు.

సైజ్ చూస్తే చిన్న మెదడు మొత్తం మెదడులో పదో వంతు. కానీ మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు ఉంటే అందులో 6,900 కోట్లు ఆ పిడికెడు దాంట్లోనే ఉన్నాయి. పైన ముడతలు ముడతలుగా కనిపించే పెద్ద మెదడు కార్టెక్స్‌లో ఉన్నవి 1,600 కోట్లే. తూలకుండా నిలబడడానికే ఇంత మందా అని ఎవరికైనా డౌట్ రావాలి కదా. 2011లో 1000 మంది ఎంఆర్ఐ స్కాన్లతో చిన్న మెదడులో ఏ చోటు పెద్ద మెదడులో ఏ చోటుతో కలిసి పనిచేస్తుందో మ్యాప్ గీశారు, చూస్తే ఎక్కువ భాగం కాళ్లూ చేతులతో కాదు, ఆలోచన, అటెన్షన్ నెట్‌వర్క్‌లతో జత కట్టి ఉంది.

ఎలా పనిచేస్తది అంటే, పతంగులు ఎగరేసిన వాళ్లకి వెంటనే అర్థమైతది. పేంచ్ పడ్డప్పుడు, అంటే రెండు పతంగుల దారాలు తగులుకున్నప్పుడు, అందరూ మాంజా పట్టుకున్నోడి పేరే అరుస్తరు, వెనక చరఖా పట్టుకున్న తమ్ముడిని ఎవడూ చూడడు. కానీ ముందోడు ఢీల్ ఇచ్చి దారం వదలబోతున్నాడని తెలిసి వాడు అప్పటికే చరఖా వదిలెయ్యాలి, లాగబోతుంటే చుట్టడం మొదలుపెట్టాలి. చెప్పినాక చేస్తే లేట్. అర సెకండ్ అటూ ఇటూ అయితే దారం చిక్కు పడి పతంగి పోతది, తిట్లు మాత్రం ముందోడికి పడతయి. చిన్న మెదడు ఆ చరఖా పట్టుకున్నోడు. లెక్క చేసేది పెద్ద మెదడే, కానీ తర్వాత ఏం రాబోతుందో ముందే అంచనా వేసి, చేసింది దానికి సరిపోయిందో లేదో చూసుకొని, తేడా ఉంటే నిశ్శబ్దంగా సరిచేసేది ఇది. చేతికి చేసే ఈ పనే ఆలోచనకూ చేస్తది. వేలితో ముక్కు ముట్టుకోమంటే దాటిపోయి చెంపకు తగలడాన్ని డిస్‌మెట్రియా అంటాం, ష్మామన్ ఆలోచనకు కూడా డిస్‌మెట్రియా ఉంటది అన్నాడు. శక్కర్ ధర చెప్పి తిరిగి వచ్చేసరికి మీ నాన్నకు పాత లెక్క దగ్గర ఆగడం రావడం లేదు, దాటిపోతున్నారు. కోపం కూడా అంతే, కొంచెం రావాల్సిన చోట గురి తప్పి పొట్లం విసిరేదాకా పోతుంది.

మరి నడక ఎందుకు బాగుంది అంటారా, అదే అసలు పాయింట్. చిన్న మెదడులో ముందు భాగం ఎక్కువగా కాళ్లూ చేతుల పని చూస్తది, వెనక భాగం ఎక్కువగా ఆలోచన పని. పైకా అనే రక్తనాళం పోయేది వెనక కింది భాగానికి. అందుకే మొదట్లో తల తిరగడం, వాంతులు గట్టిగా వచ్చి, తర్వాత నడక మామూలైపోయి, ఇది మిగిలింది. ఇంకోటి, చిన్న మెదడు కుడి పక్క పెద్ద మెదడు ఎడమ పక్కతో ముడిపడి ఉంటది, భాష చాలామందికి ఎడమ పక్కే. పసుపు అన్న మాట నోటి చివర ఆగిపోవడానికి అది ఒక కారణం అయ్యుండొచ్చు. ఇక మధ్యలో వర్మిస్ అని ఒక పట్టీ లాంటి భాగం ఉంటది, అది దెబ్బతింటే ఎమోషన్ కంట్రోల్ తప్పుతుంది, కొందరు మొద్దుబారినట్టు ఉంటారు, కొందరు ఉండకూడని చోట నవ్వుతారు. ఆయన కావాలని నవ్వలేదు. మీ పెద్దమ్మ వాళ్ల ఇంట్లో కూడా చెప్పండి ఈ మాట.

టెస్ట్ సంగతి. మామూలుగా మతిమరుపుకి చేసే ప్రశ్నల్లో, అంటే ఈరోజు తారీఖు ఎంత, ఇది ఏ ఊరు టైపు వాటిల్లో, వీళ్లు శుభ్రంగా పాస్ అవుతారు, ఇంటికి పంపించేస్తారు. దీనికోసం 2018లో వేరే స్కేల్ వచ్చింది, పది అంశాలుంటాయి. ఒక నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరు, ఒక కూరగాయ ఒక వృత్తి ఒక కూరగాయ ఒక వృత్తి అని మార్చి మార్చి చెప్పడం, నేను చెప్పిన అంకెలు వెనక నుంచి చెప్పడం, క్యూబ్ గీయడం అలా. ఒకటి ఫెయిలైతే ఉండొచ్చు అని, రెండైతే బహుశా అని, మూడు లేదా ఎక్కువైతే ఉన్నట్టే అని లెక్క. కానీ చదువు, వయసు బట్టి మార్కులు మారిపోతాయి, కాబట్టి ఇంట్లో చేసేసి మీ అన్నతో గొడవకి దిగకండి. న్యూరో ఓపీకి వెళ్లినప్పుడు కాగ్నిటివ్ టెస్టింగ్ కావాలి అని నోరు తెరిచి అడగండి. అడగకపోతే ఆ రద్దీలో నడిపించి చూసి బాగుందని పంపిస్తారు, నేనూ అలా పంపిన రోజులున్నాయి.

మొదటి రోజు సంగతి మీద కూడా ఒక మాట, మీ కోసం కాదు, చదివే వాళ్ల కోసం. మూతి, చెయ్యి, మాట మూడూ బాగున్నా స్ట్రోక్ ఉండొచ్చు. హఠాత్తుగా తల తిరిగి, వాంతులై, మనిషి పట్టుకోకుండా నిలబడలేకపోతే అది చెవి అని వదిలెయ్యడానికి లేదు. మొదట్లో తీసిన సీటీ స్కాన్‌లో చిన్న మెదడు స్ట్రోక్ చాలాసార్లు కనబడదు. గడ్డ కరిగించే ఇంజక్షన్‌కి నాలుగున్నర గంటలే టైం. తర్వాత రెండు మూడు రోజుల్లో అక్కడ వాపు వస్తే వెనక చోటు ఇరుకు కాబట్టి నీరు దిగే దారి మూసుకుపోయి ప్రాణం మీదకి వస్తది. మీ నాన్నగారు ఆ గండం దాటారు, అది చిన్న విషయం కాదు.

వాట్సాప్_యూనివర్సిటీ_వ్యతిరేకి

డాక్టర్ గారూ అంతా బాగుంది కానీ నాకో అభ్యంతరం. ఈ మధ్య ఏ జబ్బు తీసుకున్నా ఒక మెదడు ముక్క పేరు చెప్పడం ఫ్యాషన్ అయిపోయింది, పదేళ్ల కింద అంతా డోపమైన్ అన్నారు, ఇప్పుడు చిన్న మెదడు. అసలు చిన్న మెదడే లేకుండా పుట్టిన చైనా ఆవిడ ఒకామె మామూలుగా బతికింది, పెళ్లి చేసుకుంది, పాప కూడా ఉంది అని చదివాను, 2014లో వచ్చింది ఆ కేసు. అంత ముఖ్యమైతే ఆమె ఎలా బతికింది? ఇంకోటి, 61 ఏళ్ల మనిషికి స్ట్రోక్ తర్వాత డిప్రెషన్ రావచ్చు, బీ12 తగ్గి ఉండొచ్చు, థైరాయిడ్, షుగర్, గురక పెట్టి నిద్ర సరిగా లేకపోవడం, చెవి సరిగా వినబడకపోవడం, ఇవేవీ చూడకుండా 1998 పేపర్ దగ్గరికి వెళ్లిపోవడం కరెక్టేనా?

నైట్‌డ్యూటీ_డాక్టర్

రెండో సగం వంద శాతం ఒప్పుకుంటా, అవన్నీ ముందు చూడాల్సినవే, నేను రాయకపోవడం నా తప్పు. నయం చేయగలిగినవి వదిలేసి నయం చేయలేని దాని పేరు పెట్టడం మాకు పాత రోగం.

మొదటి సగం దగ్గర మాత్రం, ఆ కేసు నేను చెప్పేదానికే సాక్ష్యం. ఆమెకు 24 ఏళ్లప్పుడు తల తిరుగుతుందని వస్తే స్కాన్‌లో చిన్న మెదడు ఉండాల్సిన చోట నీళ్లే ఉన్నాయి. కానీ ఆమె చిన్నతనం చూడండి, అర్థమయ్యేలా మాట్లాడింది ఆరేళ్లకి, పట్టు లేకుండా నడిచింది ఏడేళ్లకి. పుట్టుకతోనే లేకపోతే మిగతా మెదడు నిదానంగా ఆ పని నేర్చుకుంటది, లేటుగా, సగం సగంగా. అరవై ఏళ్లు చరఖా ఒకడే పట్టుకున్నాక ఒక రోజు పొద్దున్నే వాడు లేకుండా పోతే పరిస్థితి వేరు. పిల్లల్లో కూడా, వెనక భాగంలో ట్యూమర్ తీసిన ఒకటి రెండు రోజులకి కొందరు ఉన్నట్టుండి మాట్లాడటం పూర్తిగా ఆపేస్తారు, వారాలు, కొందరు నెలలు. నాలుక పడిపోయి కాదు. నేను ఒక పాపని చూశాను, అమ్మ పిలిస్తే కళ్లు తిప్పి చూస్తది, పెదవి కదలదు. ఆ వార్డ్ నుంచి బయటికి వచ్చి చిన్న మెదడు అంటే బ్యాలెన్స్ అంతే అని ఎవరూ అనలేరు.

గుంటూరు_టు_కేపీహెచ్‌బీ

ఇది చదివాక రాయకుండా ఉండలేకపోతున్నాను. మాది స్ట్రోక్ కాదు, వంశంలో వచ్చేది. స్పైనోసెరిబెల్లార్ అటాక్సియా, టైప్ 2, అంటే చిన్న మెదడు నిదానంగా దెబ్బతింటూ పోయే జబ్బు. మా నాన్నకి ఉండేది అనుకుంటున్నాం ఇప్పుడు, అప్పట్లో నరాల బలహీనత అన్నారు అంతే. అన్నయ్యకి 38 ఏళ్లప్పుడు మొదలైంది. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవాడండీ, బోర్డు మీద రాస్తుంటే గీత వంకర పోతోందని పిల్లలు నవ్వుతున్నారని వాడే చెప్పాడు మొదట. తర్వాత నడక. కూకట్‌పల్లిలో బస్సెక్కితే కండక్టర్ పొద్దున్నే తాగొచ్చావా అన్నాడంట, ఆ రోజు నుంచి బస్సెక్కడం మానేశాడు, జీవితంలో బీరు కూడా ముట్టనివాడు.

మా డాక్టరు గారు ఒక సంగతి చెప్పారు. ఈ రకంలో కళ్లు కూడా నిదానంగా కదులుతాయి, దాన్ని ప్రపంచానికి మొదట గట్టిగా చెప్పింది మన దేశం డాక్టరే, ముంబైలో నోషిర్ వాడియా గారు 1971లో తొమ్మిది కుటుంబాలను చూసి రాశారంట. తర్వాత జీన్ దొరికింది, పన్నెండో క్రోమోజోమ్ మీద సీఏజీ అనే మూడక్షరాలు ఉండాల్సిన దానికన్నా ఎక్కువసార్లు రిపీట్ అవుతాయి. అన్నయ్య పేపర్ చదివేటప్పుడు చూస్తే తెలుస్తుంది, మనమైతే కళ్లు తిప్పుతాం, వాడు లైను చివరికి తల తిప్పుతాడు.

నేను చెప్పాలనుకున్నది అది కాదు. మేమంతా నడక గురించే ఏడుస్తున్నాం, వాకర్ కొన్నాం, బాత్రూంలో రాడ్లు పెట్టించాం, కానీ లోపల ఏం జరుగుతోందో ఎవరం చూడలేదు. వాడు చేత్తో మజ్జిగ గ్లాసు పట్టుకుని హాలు దాటుతుంటే అమ్మ వంటింట్లోంచి ఇంకో దోశ వెయ్యనా అని అడుగుతుంది. అంతే, ఆగిపోతాడు. జవాబు చెప్పాలంటే నడక ఆపాలి, నడవాలంటే జవాబు ఆపాలి. రెండూ చేద్దామని చూస్తే గ్లాసు ఒలికిపోతుంది. అమ్మ అడిగినదానికి పలకడు, పొగరు పెరిగింది అనుకునేది పాపం రెండేళ్లు. మీ అన్నయ్య యాక్టింగ్ అంటున్నాడని చదివాక నాకు అదే గుర్తొచ్చింది. తెలిశాక అమ్మ ఏం చేస్తోందంటే వాడు వచ్చి కుర్చీలో కూర్చున్నాక అడుగుతోంది. అంతే మారింది ఇంట్లో, కానీ సగం గొడవలు పోయాయి.

నాకూ యాభై శాతం ఛాన్స్ ఉందండీ. టెస్ట్ ఇంకా చేయించుకోలేదు. కౌన్సెలింగ్ లేకుండా చేయించుకోవద్దు అన్నారు, అది మాత్రం పాటిస్తున్నాను. అన్నయ్య పిల్లాడికి తొమ్మిదేళ్లు, ఒక తరం నుంచి ఇంకో తరానికి ఇంకా ముందుగా రావచ్చంటారు, వాడు బంతి ఆడుతుంటే అందరం నవ్వుతూ చూస్తాం, నేను పాదాలు చూస్తాను.

ఫిజియో_అక్క_దిల్‌సుఖ్‌నగర్

అక్కా, గట్టి హగ్.

మూసారాంబాగ్ తమ్ముడూ, బాపు నడక మంచిగుంది అన్నవ్ కదా, ఒకసారి ఇట్ల చూడు. హాల్‌ల గీత మీద నడిచినట్టు మడమ ముందు వేలు తాకిచ్చుకుంట నడవమను, నడుస్తుంటే వంద నుంచి మూడు మూడు తగ్గించుకుంట చెప్పమను, పక్కన నువ్వు పట్టుకునేటట్టు ఉండు. చాలామంది 94 కాడనే కాలు పక్కకు ఏస్తరు. ఒక్కో పని విడిగ బాగుంటది, రెండు కలిస్తే ఆగమాగం. మేం దాన్నే డ్యూయల్ టాస్క్ అని ప్రాక్టీస్ చేపిస్తం, అది అలవాటుతోటి కొంత వరకు వస్తది, మొదటి కొన్ని నెలల్లనే ఎక్కువ తేరుకుంటరు గాబట్టి ఇప్పుడు వదలొద్దు.

షాపుల మాత్రం ప్రాక్టీస్ పేరుతోటి పరేషాన్ చెయ్యకుండ్రి. గిరాకి ఒక్కరి తర్వాత ఒక్కరు. లెక్క చీటీ మీద రాసుడు, ఎక్కడ ఆగినా చీటీ ఆగదు. టీవీ బంద్. కౌంటర్ మీద అరిచేవి ఏమున్నయో ఒక్కరోజు కూసోని విను. పెద్దమనిషికి నామోషీ అనిపిస్తది, అందుకే ముందు నువ్వు చీటీ రాసుడు మొదలుపెట్టు.

అసలు ముఖ్యంగ గోలీలు చూడు. తల తిరుగుడు తగ్గనీకి ఇచ్చే గోలీలు కొన్ని రోజులకే, నెలల తరబడి ఏసుకుంటే మనిషి మగతగ ఉంటడు, మెదడు సర్దుకునేది గూడ లేటైతది. నిద్ర గోలీలు గూడ అంతే. సాయంత్రం కల్లు దుకాణం అలవాటు గిట్ల ఉందా? తప్పు పట్టుకుంటలేను, కల్తీ కల్లుల అల్ప్రాజోలం లాంటి మత్తు మందులు కలుపుతరు, అది తాగి వచ్చినోళ్ల నడక, ధ్యాస చూస్తే చిన్న మెదడు పేషెంట్ల లెక్కనే ఉంటది. డాక్టర్‌ను అడగకుండ మాత్రం ఏది బంద్ చెయ్యకు.

మూసారాంబాగ్_పోరడు

అప్‌డేట్ ఇస్తున్న, మూడు వారాలైంది, సారీ.

అక్క చెప్పినంక బాపు గోలీల డబ్బా మొత్తం బోర్లిచ్చి చూసిన. మొదటి రోజు ఆ క్లినిక్‌ల రాసిన తల తిరుగుడు గోలీ, ప్రోక్లోర్‌పెరజిన్, ఇంకా నడుస్తనే ఉంది! పెద్ద దవాఖాన చీటీల అది లేదు. మెడికల్ షాపుల పాత చీటీ చూపెట్టి అమ్మ నెల నెల తెస్తుంది, ఆమెకేం తెలుసు. న్యూరో డాక్టర్‌కు ఫోన్ చేస్తే వెంటనే ఆపమన్నరు. వారం రోజులల్ల మధ్యాహ్నం పూట కునుకు తగ్గింది, మొఖంల జర కళ వచ్చింది. గానీ లెక్క మాత్రం అట్లనే ఉంది, సో అంతా గోలీదే అని గూడ అనలేను. కల్లు అలవాటు లేదు అక్కా, ఛాయ్ ఒక్కటే. బీ12 తక్కువుందన్నరు, ఇంజక్షన్లు మొదలైనయ్. థైరాయిడ్ నార్మల్.

ఓపీల నోరు తెరిచి అడిగిన డాక్టర్ గారు, మీరు చెప్పినట్టే. సైకాలజిస్ట్ మేడం గంట సేపు కూసోపెట్టింది. అన్నను గూడ పట్టుకపోయిన, కావాల్ననే. తారీఖు, ఊరు, ముఖ్యమంత్రి ఎవరు, అన్నిటికి టకటక చెప్పిండు, అన్న నా దిక్కు చూసి చూసినవా అన్నట్టు కండ్లు ఎగరేసిండు. తర్వాత ఒక కూరగాయ ఒక వృత్తి మార్చి మార్చి చెప్పమంది. 34 ఏండ్లు కిరాణం నడిపిన మనిషి. "వంకాయ... మేస్త్రీ... ఉల్లిగడ్డ... ఆలుగడ్డ... టమాట..." అని పోతనే ఉన్నడు, మేస్త్రీ తర్వాత మళ్ల మనుషుల దిక్కు రానే రాలే. ఆయనకు తప్పు పోతుందని తెలుస్తుంది, చెయ్యి ఇట్ల గాల్ల ఊపుతుండు ఏదో పట్టుకుందామన్నట్టు. అంకెలు వెనక నుంచి అంటే మూడు వరకు వచ్చిండు. అన్న ఆ తర్వాత ఏం మాట్లాడలే. మలక్‌పేట సిగ్నల్ కాడ బండి ఆగినప్పుడు "గోదాం లెక్క ఇగ నేను చూస్త" అన్నడు, అంతే.

రిపోర్ట్‌ల ఆలోచన మీద చిన్న మెదడు స్ట్రోక్ ప్రభావం ఉందని రాసిన్రు, ఆరు నెలలకు మళ్ల టెస్ట్.

ఇంకొకటి. అక్క చెప్పినట్టు ఒక రోజంతా కౌంటర్ పక్కన కూసోని విన్న. గిరాకి అడిగితే ఒక్కోసారి మేనేజ్ చేస్తుండు. అసలు లొల్లి ఎవరిదంటే యూపీఐ స్పీకర్ డబ్బాది! ఈయన లోపల నూట డెబ్బై ప్లస్ నలభై రెండు అనుకుంటుంటడు, అప్పుడే అది "ముప్పై ఐదు రూపాయలు అందాయి" అని ఒర్లుతది, ఆయన లెక్కల పోయి ఆ ముప్పై ఐదు కలుస్తది. నాకే కలుస్తుంది, ఆయనకు కలవదా. సౌండ్ తగ్గిస్తనంటే వద్దన్నడు, పైసలు పడ్డయో లేదో ఎట్ల తెలుస్తది అని. మొన్న పోయి చూస్తే ఆయనే డబ్బా మీద రెండు మడతలు ఏసిన టవల్ కప్పి, పైన అరకిలో తూకం రాయి పెట్టిండు.